ఇష్టపడి పరుగెత్తినవాడు

క్విన్సీ మూడోసారి పడ్డప్పుడు కోచ్ విట్‌కోంబ్ అతని చెవి దగ్గర ఈల ఊదాడు. జులై ఎండకి మిసిసిపీ నేల పెనంలా కాలుతోంది. నేనూ టెరెలూ చెయ్యి అందించబోయాం. వాణ్ణి ముట్టుకుంటే ఫుట్‌బాల్ టీమంతా మళ్ళీ మొదట్నుంచీ పరుగెత్తాలన్నాడు కోచ్. మేం ఆగిపోయాం. వడదెబ్బ తగిలినవాణ్ణి ముంచడానికి ఐసు నింపిన తొట్టి గోడవతలే ఉంది.

"నాటకాలాడకు. లే," అన్నాడు.

క్విన్సీ లేవలేదు. ఆ సాయంత్రమే ఆసుపత్రిలో పోయాడు.

వేసవిలో మాచేత బలవంతాన సాధన చేయించకూడదని నియమం ఉంది. అందుకని బోర్డు మీద ‘ఐచ్ఛికం’ అని రాస్తారు. రానివాడికి మరుసటేడు స్కాలర్‌షిప్పు ఉండదు. మా భాషలో ఆ మాటకి అర్థం, చచ్చినా రావాలని. విలేకరులకి మా యూనివర్సిటీ ఆ మాటే అప్పజెప్పింది. కుర్రవాడు ఇష్టపడి వచ్చాడు, ఇష్టపడి పరుగెత్తాడు, మేమెంతో చింతిస్తున్నాం అంది.

శవం కోసం వచ్చిన అతని తల్లి ఒడెస్సా మా లాకర్ల గది గుమ్మంలో నిలబడింది.

"ఇంతమంది ఉన్నారు గదా నాయనా. ఒక్కడన్నా ఎత్తలేదేం?"

సిగ్గుతో చచ్చిపోయాం.

సీజన్ మొదటి ఆట రోజు అదే గదిలో టెరెల్ బెంచీ ఎక్కి ఆడొద్దన్నాడు. డ్వేన్ అడ్డం తిరిగాడు. స్కాలర్‌షిప్పు పోతే తను మళ్ళీ ఫ్యాక్టరీలో కోళ్ళ మెడలు కొయ్యాల్సిందేనట.

"ఇక్కడ కోస్తున్నది ఎవరి మెడరా?" అన్నాడు టెరెల్. "ఆటకి మనం ఇష్టపడే గదా వస్తున్నాం. ఇవ్వాళ ఇష్టం లేదు."

క్విన్సీ పోయాక మేం నవ్వడం అదే మొదలు. అందరికంటే చివర చెయ్యెత్తింది డ్వేన్.

బ్యాండు మోగింది. మైదానం నడుమకి వెళ్ళి, హెల్మెట్లు తీసి కూర్చున్నాం. ప్రార్థన అనుకుని స్టేడియమంతా టోపీలు తీసి లేచి నిలబడింది. సంగతి అర్థమయ్యాక బూతులూ సీసాలూ వచ్చిపడ్డాయి. డ్వేన్ నుదురు చిట్లింది. కోచ్ వంగి, కెమెరాల కోసం నవ్వుతూనే అన్నాడు.

"తిన్నింటి వాసాలు లెక్కపెడతార్రా? రేపటికి ఒక్కడు కూడా ఈ యూనివర్సిటీలో ఉండడు."

ఎవరం కదల్లేదు. పోలీసులు టెరెల్‌కి సంకెళ్ళేసి, మొహం గడ్డికి రాసుకునేలా ఈడ్చుకుపోయారు. అతను ఆటలో పాయింట్లు కొట్టినప్పుడు కూడా జనం అంత గట్టిగా కేరింతలు కొట్టలేదు.

అప్పుడు అవతలి జట్టులోంచి తెల్లచొక్కా వేసుకున్న భారీ మనిషి ఒకడు మా మీదికొచ్చాడు. కొడతాడనుకుని పిడికిలి బిగించాను. అతను హెల్మెట్ తీసి, టెరెల్ కూర్చున్న చోట కూర్చున్నాడు.

"మాకూ ఒకడు పోయాడన్నా, నిరుడు," అన్నాడు. "గుండెజబ్బని రాశారు."

అతని వెనక తెల్లచొక్కాలు ఒక్కొక్కటే వచ్చి కూర్చుంటున్నాయి. ఇంకా సంకెళ్ళు తెమ్మని పోలీసులు మనిషిని పంపారు.