పాత గుమ్మానికే వెళ్తున్న కబురు

...అయినా ప్రింటర్ బాగానే ఉంది, కాగితమూ ఉంది, మేడమీది గదిలోంచి కిందికి మార్చారంతే, ఏంటండి గంగాధర్ గారూ, ఓపీ చీటీలు రావట్లేదు, జనం నన్ను తినేస్తున్నారు అంటాడు ఆసుపత్రి కౌంటర్లోంచి ఉదయ్‌కుమార్, వస్తాయండి అంటాడు నెట్‌వర్కు పనికొచ్చిన గంగాధర్, ఈ ప్రింటర్ గది మారిందని కంప్యూటర్ తీగలన్నీ కలిపే స్విచ్‌కి ఇంకా తెలియదు, దాని పట్టికలో పాత దారే ఉంది, పంపినవన్నీ మేడమీదికే పోతున్నాయి, దానికి ఎవరూ చెప్పిపెట్టరు, ఏ తీగలోంచి ఎవరి పలుకు వస్తే వాళ్లు అటున్నారని రాసుకుంటుంది, ఎరగని పేరైతే అన్ని తీగల్లోకీ కేకేస్తుంది, అచ్చం అమ్మలాగే, నెత్తిన చేపల తట్టతో పెద్దాపురం వీధుల్లో తిరుగుతూ, ఇటు రావే అమ్మీ అని ఏ గుమ్మంలోంచి పిలుపొస్తే ఆ గుమ్మం ఆమెకు గుర్తు, పాపాయమ్మ గారికి కొరమీను, మేష్టారింటికి ఎండు నెత్తళ్లు, అక్షరం ముక్క రాదు, కొన్నాళ్లు పలకని గుమ్మాన్ని మరిచేపోయేది, అదేంటమ్మా అంటే, పలకనోళ్లని ఎన్నాళ్లని మొయ్యనురా, తట్ట చాలదా అని నవ్వేది, తట్టలోని నీళ్లు చెంపమీదుగా కారేవి, ఆ కొంగు పట్టుకుని వెనకాల గంగాధరూ అక్కా,

అక్క తునిలో ఉంది, ఏడాదిగా మాటల్లేవు, అమ్మ సంవత్సరీకం మా ఇంట్లో పెడదాంరా అంది, కొడుకుని నేను లేనా అన్నాడు, ఫోన్ పెట్టేసింది, తరవాత ఇల్లు మారాడు, నంబరూ మారింది, చెప్పలేదు, కావలిస్తే తనే కనుక్కుంటుందిలే అనుకున్నాడు, మరిడమ్మ జాతరకి ఆడపడుచుకి పంపే పిలుపూ పంపలేదు, పైగా ఆమె రాలేదని అమ్మవారి ముందు చాడీలు చెప్పాడు, తల్లీ, దండం పెడుతూ చాడీలు చెప్పొచ్చా, మొన్న పాత ఇంటి పక్కావిడ బేబీ గారు కనబడి, మీ అక్కగారు జాతరకొచ్చారండి, తాళం చూసి అరుగుమీద గంటసేపు కూచున్నారు, మీ నంబరు కలవట్లేదన్నారు అంది,

చీటీలు ఇంకా రాలేదండి అంటున్నాడు ఉదయ్‌కుమార్, ఇదిగోండి అని గంగాధర్ ప్రింటర్ ఆపి మళ్లీ వేశాడు, గుర్రుమని లేచింది, తన పేరు తీగలోకి పలికింది, స్విచ్ పాత దారి కొట్టేసి కొత్తది రాసుకుంది, చీటీలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి, అక్క పలకలేదనే కదా ఇన్నాళ్లూ అలిగాడు, ఆమె పిలుస్తూనే ఉంది, ఆ పిలుపు పాత గుమ్మానికి వెళ్తోంది, ఇల్లు మారింది తను, ముందు పలకాల్సిందీ తనే.