గావీ కోసం నెగడు

స్నూక్ చేపలు ఒడ్డుకి దగ్గరగా వచ్చే చలికాలంలో, శనివారం మధ్యాహ్నానికల్లా గ్రాట్‌బాయ్ ఊరంతా ఇసకలో ఉండేది. మగవాళ్లు పడవలు పైకి లాగి, చేపల్ని వీపు వైపు నుంచి చీల్చి, గళ్లుప్పు రుద్ది తీగల మీద గాలికి ఆరేసేవాళ్లు. ఆడవాళ్లు ద్రాక్షతోటల్లో పీకేసిన ఎండు మొద్దులు తెచ్చి ఇంటికో నెగడు వేసేవాళ్లు. మంట తగ్గి నిప్పులు ఎర్రబడ్డాక వాటి మీద ఇనప తడకలు, మూడుకాళ్ల కుండలు ఎక్కేవి. పక్కన మసిబారిన డబ్బాల్లో కాఫీ మరిగేది.

పొద్దు వాలే వేళకి సముద్రంలో పోయినవాళ్లు వచ్చేవాళ్లు.

మోకాటి లోతు నీళ్లలోంచి నడుచుకుంటూ వచ్చి, ఎవరి నెగడు దగ్గర వాళ్లు కూర్చునేవాళ్లు. వాళ్లకి ఇష్టమైనది వండితేనే వచ్చేవాళ్లు. మాట్లాడేవాళ్లు కాదు. తిని, కాఫీ తాగి, చేతులు కాచుకుని, నిప్పుల మీద నివురు కమ్మేలోగా లేచి వెళ్లిపోయేవాళ్లు. మంచం మీద పోయినవాళ్లు రారు. వాళ్లకి చర్చి వెనక సమాధులున్నాయి.

"బూట్లలో నీళ్లు అక్కడే వంపెయ్, డావిట్! నిప్పులన్నీ ఆర్పేస్తావా ఏంటి?" అని కాటో మొగుణ్ణి కసిరేది. డావిట్ బతికున్నప్పుడు కూడా ఆమె అలాగే కసిరేది. అతను బూట్లు విప్పి, నీళ్లు వంపి, కంచం అందుకునేవాడు.

ఆ ఊళ్లో ఎవరూ వంట దాచుకునేవాళ్లు కాదు. పెళ్లాం జబ్బుపడి పట్నం ఆసుపత్రిలో ఉంటే మొగుడు ఆకలితో నీళ్లలో నిలబడాలి కదా. అందుకే ఒకరి వంట ఇంకొకరికి నోటికొచ్చేదాకా చెప్పుకునేవాళ్లు.

"మా ఆయనకి ఆలిచిప్పలు," అని కాటో మొదలుపెట్టేది. "ఉల్లిపాయలు బాగా ఎర్రబడాలి. తర్వాత ఆలిచిప్పలు, ఒక చెంచా ఆవపిండి, పైన మూత. నీళ్లు పొయ్యకండే! సముద్రమంతా ఆ చిప్పల్లోనే ఉంటుంది. ఇక కాఫీ. చిక్కగా కాచి, మరూలా పళ్ల మందు గుక్కెడు పోసి, మీగడని చెంచా వీపు మీంచి జార్చాలి. అది పైన తేలాలి. మునిగిందా, ఆయన మొహం చూడలేం."

"మునగడం ఆయనకి పడదు మరి," అనేది ఎవరో. అందరూ పగలబడి నవ్వేవాళ్లు. డావిట్ తింటూ ఉండేవాడు.

వంతు డొరోతియా దగ్గరికి వచ్చేసరికి నవ్వులు ఆగిపోయేవి. ఆమె తడక మీద రొట్టెలు తిరగేస్తూ తల ఎత్తేది కాదు. ఎవరూ బలవంతం చేసేవాళ్లు కాదు.

డావిట్ మునిగిన పడవలోనే డొరోతియా మొగుడు గావీ కూడా పనిచేసేవాడు. మొత్తం నలుగురు. ఆ తెల్లవారుజామున గావీ తలుపు దగ్గరికి వేసి రేవు వైపు నడిచాడు. సాయంత్రానికి పడవ చెక్కలు మాత్రం కొట్టుకొచ్చాయి. మరుసటి చలికాలం ముగ్గురు పెళ్లాలు వండారు, ముగ్గురు మొగుళ్లు వచ్చారు. డొరోతియా మాత్రం గావీకి వండలేదు. వండితే గావీ వస్తాడు. వస్తే పోయినట్టే. వండనంత కాలం, ఏ ఓడవాళ్లో అతన్ని నీళ్లలోంచి లాగి, దూరాన ఏ రేవులోనో దింపి ఉండొచ్చు. ఆరేళ్లు ఆ ఒక్క ఆశ మీదే బతికింది.

ఒకసారి మాత్రం ఆగలేక డావిట్ ముందు మోకాళ్ల మీద కూర్చుని అడిగింది. "గావీ మీతోనే ఉన్నాడా అన్నా?" డావిట్ చూపు తిప్పుకుని ఆలిచిప్ప ఒలుచుకున్నాడు.

గావీ తల్లి మీకీ కోడలితోనే ఉండేది. చేపల ఫ్యాక్టరీలో పొగ పీల్చి పీల్చి ఆమె ఊపిరితిత్తులు పాడయ్యాయి. కళ్లు కూడా మసకబారాయి. కొడుక్కి ఇష్టమైన చేప చెయ్యడం ఆమెకి తెలుసు. దాని వెంట కాఫీ ఉండాలి. అది పెళ్లయ్యాక డొరోతియా అలవాటు చేసింది. ముసలామె కోడలికి తెలియకుండా రెండు మూడుసార్లు చేప ఒక్కటే కాల్చి చూసింది. ఎవరూ రాలేదు.

ఇక ఈసాక్. రేవులో వలలు బాగుచేసేవాడు. పెళ్లాం పోయి చాలాకాలమైంది. డొరోతియా ఇంటి కప్పు కారితే రేకు వేసి వెళ్లేవాడు, మంచి చేప దొరికితే గుమ్మానికి తగిలించి వెళ్లేవాడు. ఆ ఆరో ఏడాది నోరు తెరిచి పెళ్లి మాట అడిగాడు కూడా. ఇద్దరూ కలిసి పాస్టరు దగ్గరికి వెళ్లారు.

"నాకేం అభ్యంతరం లేదమ్మా," అన్నాడు పాస్టరు. "అతను నెగడు దగ్గరికి వచ్చి కూర్చున్నాడని ఊరు చెప్పనీ, విధవవని రాసేస్తాను. రాకుండా ఎలా రాయను?"

తిరిగొస్తూ ఈసాక్ అన్నాడు, "నేను తొందరపెట్టను. నీ ఇష్టం."

తొందరపెట్టింది మీకీయే. ఒక పొద్దున్న దగ్గీ దగ్గీ గుడ్డలో నెత్తురు చూసుకుని, కోడల్ని పిలిచింది.

"పిల్లా, నాలో ఊపిరి ఇంక ఎంతో లేదు. వాణ్ణి ఒక్కసారి చూపించు."

"ఏం అడుగుతున్నావో తెలుస్తోందా అత్తా?"

"తెలుసు. తడిసి వచ్చినా సరే, మాట్లాడకపోయినా సరే. వాడి చెవి పట్టుకుంటాను, చిన్నప్పుడు పట్టుకున్నట్టు. అంతే."

"నేను వండను."

"వండకపోతే వాడు బతికుంటాడనా? వాణ్ణి బతికించుకోవట్లేదే నువ్వు. ఆకలికి మాడుస్తున్నావు."

ఆ మాట డొరోతియాకి గుచ్చుకుంది. ఆ రోజంతా పని చేస్తున్నా ఆమె కళ్లకి గావీ ఒక్కడే కనిపించాడు. అందరూ ఒడ్డుకి నడుస్తుంటే అతనొక్కడూ చల్లటి నీళ్లలో నిలబడి, తమ నెగడు వైపు చూస్తున్నాడు. సాయంత్రం ఈసాక్‌ని పిలిచి చెప్పింది. "శనివారం మొద్దులు కాస్త ఎక్కువ తీసుకురా."

శనివారం మీకీని కుర్చీతో సహా ఇసకలోకి మోసుకొచ్చారు. తన నెగడు దగ్గర కూర్చుని ఆమె గొంతులో బలం తెచ్చుకుని చెప్పింది. వెన్న కరిగించి అందులో నేరేడంత వెల్లుల్లి ముద్ద, రెండు గరిటెల ఆప్రికాట్ జామ్, నిమ్మరసం, వేయించి దంచిన ధనియాలు. "ధనియాలు మావాడి పిచ్చి. ఇంకెవరూ వెయ్యరు. ముందు మాంసం వైపు నిప్పులకి చూపించు, రంగు రాగానే తిప్పెయ్. ఆ తర్వాత చర్మం వైపే కాలాలి. పూస్తూనే ఉండు, ఆరనివ్వకు."

తర్వాత డొరోతియా వంతు వచ్చింది. చుట్టుపక్కల నెగళ్ల దగ్గరి ఆడవాళ్లు గరిటెలు చేతుల్లో పట్టుకునే వచ్చి నిలబడ్డారు.

"కమలాపళ్ల తొక్కలు," అంది. రొట్టెలు పక్కకి జరిపి మళ్లీ మొదలుపెట్టింది. "లోపలి తెల్ల పొర గీకేసి ఎండబెట్టాలి. లవంగాలు, దాల్చినచెక్క, చిన్న జాజికాయ ముక్క కలిపి బ్రాందీలో వెయ్యాలి. మళ్లీ చలికాలం వచ్చేదాకా ముట్టుకోకూడదు. తర్వాత వడకట్టి పంచదార పాకం పొయ్యాలి. కాఫీ డబ్బాలోనే కాయాలి. మరిగాక ఒక నిప్పుకణిక అందులో వేస్తే పొడి అడుక్కి దిగుతుంది. కప్పులో ముందు డబ్బాపాలు, ఆ పైన కాఫీ, చివర్లో మందు. కలపకూడదు. ఆయనే కలుపుకుంటాడు, పుల్లతో."

"ఆ మందు ఏటేటా చేస్తూనే ఉన్నావా?" అంది కాటో.

"చేస్తూనే ఉన్నా. మంచం కింద సీసాలున్నాయి."

కాటో తన నెగడు దగ్గరికి వెళ్లి ఉల్లిపాయలు కలిపింది.

పొద్దు వాలింది. నీళ్లలోంచి ఒక్కొక్కరే వచ్చారు. డావిట్ వచ్చాడు. ఆ పడవలోని మిగతా ఇద్దరూ వచ్చారు. డొరోతియా పొడి తువ్వాలు ఒళ్లో పెట్టుకుని నీళ్ల వైపు చూస్తోంది. ఏడవడానికి సిద్ధపడి ఉంది. ఏడుపయ్యాక మరో జీవితం ఉంటుందని కూడా, ఆ గంటలోనే మొదటిసారి, అనుకోగలిగింది. ఈసాక్ దూరంగా, తలమీది టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"వస్తున్నాడా?" అంది మీకీ.

"ఇంకా లేదు అత్తా."

అలలు వచ్చాయి, వెళ్లాయి. చేప మీది వెన్న చల్లారి తెల్లగా గడ్డకట్టింది.

"వచ్చాడా?"

డొరోతియా డావిట్ వైపు చూసింది. డావిట్ తినడం ఆపి తల వంచుకున్నాడు. అప్పుడామెకి అర్థమైంది. ఆ తెల్లవారుజామున గావీ రేవు వైపు నడిచాడు. అంతవరకే ఎవరైనా చూసింది. పడవెక్కడం బతికున్నవాళ్లెవరూ చూడలేదు. అతను ఎక్కనే లేదు, ఆమెని వదిలి మరెటో వెళ్లిపోయాడు.

"రాలేదు అత్తా. ఇక రాడు."

ముసలామె మొహమంతా విప్పారింది. "బతికున్నాడు!" అని చేతులు చరిచింది. "నా బిడ్డ బతికే ఉన్నాడు! విన్నారటే? ఆ చేప ఇలా తెండి, ఆకలేస్తోంది!" వేళ్లతో తుంచుకుని, ముళ్లు ఊసేస్తూ, గడ్డం మీద జామ్ కారుతుంటే తింది. నెలరోజులుగా గంజి కూడా దిగని మనిషి.

ఆమెతో కలిసి ఎవరూ నవ్వలేదు. అందరూ డొరోతియాని చూడకుండా ఉండడానికి ఎక్కడెక్కడో చూశారు. ఆమె తువ్వాలు మడతపెట్టింది. అత్తకి ముళ్లు గుచ్చుకుంటాయని పక్కన కూర్చుని ఏరి పెట్టింది.

మీకీ ఆ చలికాలం దాటలేదు. పోయేదాకా రోజూ అదే మాట. "ఎక్కడున్నాడో. వేళకి తింటున్నాడో లేదో." డొరోతియా ఆమె వీపు నిమురుతూ "తింటూనే ఉంటాడు అత్తా" అనేది. రాత్రిళ్లు ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం, తను ఏం తక్కువ చేసిందో వెతుక్కునేది. ఏం దొరికేది కాదు.

బతికున్నవాడి పెళ్లానికి మళ్లీ పెళ్లి చెయ్యనన్నాడు పాస్టరు. "పోనీ, ఊరికే వచ్చి ఉండు," అన్నాడు ఈసాక్. అత్తని పూడ్చిన నెలకి, డొరోతియా మూట కట్టుకుని అతని ఇంటికి వెళ్లింది. చర్చిలో వాళ్లకి ప్రభు భోజనపు రొట్టె, ద్రాక్షరసం ఇవ్వడం ఆపేశారు. కూతురు పుడితే తల మీద బాప్తిస్మం నీళ్లు చల్లడానికి పాస్టరు ఒప్పుకోలేదు. పిల్ల జ్వరం వచ్చి ఏడాది నిండకుండానే పోయింది. పేరు రాయని సమాధి చర్చి గోడ అవతల తవ్వారు. ఆ ఒక్క రోజు డొరోతియా గావీని నోరారా తిట్టింది. ఈసాక్ ఆపలేదు.

ధనియాల చేప, కమలాతొక్కల కాఫీ మాత్రం ఊరంతా పాకాయి. ఎవరి కోసమూ కాదు, రుచిగా ఉంటాయని. పెళ్లికి వచ్చిన చుట్టాలు కూడా ఎలా చేస్తారో అడిగి వెళ్లేవాళ్లు. వాటి కోసం నీళ్లలోంచి ఎవరూ వచ్చేవాళ్లు కాదు.

చాలా ఏళ్ల తర్వాత ఒక శనివారం కాటో ఆలిచిప్పలతో పాటు ఆ చేప, ఆ కాఫీ కూడా చేస్తోంది. డొరోతియా, ఈసాక్ కూడా అక్కడే ఉన్నారు. డావిట్ ఎప్పట్లాగే వచ్చి కూర్చున్నాడు. అతని వెనకే ఇంకొకరు వచ్చారు.

పొట్ట వచ్చింది. జుట్టు సగం నెరిసింది. ఎడంకాలు కాస్త విసిరి వేసే ఆ నడకని డొరోతియా పోల్చుకుంది. నిన్నో మొన్నో మునిగినట్టు చేతివేళ్లు ఇంకా ముడతలు పడి ఉన్నాయి. అతను వచ్చి ఆమెకి ఎదురుగా కూర్చుని నిప్పుల మీద అరచేతులు చాపాడు.

కాటో చేప కంచంలో పెట్టింది. కాఫీ పొయ్యబోతే డొరోతియా డబ్బా అందుకుని తనే పోసింది. చివర మందు పోసి, ఒక పుల్ల విరిచి ఇచ్చింది. అతను కలుపుకున్నాడు.

"అతనేనా?" అన్నాడు ఈసాక్ మెల్లగా.

"ఆయనే."

"అయితే రేపు పొద్దున్నే పాస్టరు దగ్గరికి వెళ్దాం. ఇక రాయకుండా ఎలా ఉంటాడు?"

ఆమె సరేనన్నట్టు తలూపింది. ఆమె కళ్లు మాత్రం గావీ తడి స్వెటర్ మీదే ఉన్నాయి. ఈ తీరంలో ఎవరికీ తెలియని అల్లిక అది. మోచేతి దగ్గర చిరిగితే అదే రంగు నూలు వెతికి తెచ్చి, కనపడకుండా రఫూ చేశారు.

"ఈ అతుకు చూడు ఈసాక్," అంది. "ఎంత ఓపికగా వేసిందో ఆ ఇల్లాలు. ఎక్కడో గుమ్మంలో నిలబడి చూస్తుంటుంది ఇప్పుడు. ఆమెకి ఎవరు చెబుతారు?"

ఈసాక్ వంగి ఆ అతుకు చూశాడు. గావీ ఖాళీ కప్పు ముందుకి చాపాడు. ఆమె మళ్లీ పోసింది.