వంక వచ్చిన రోజు

పార్కు మధ్యలో వంక మీద ఒక రాతి వంతెన ఉండేది. వెనకటి కరువులో జనానికి గంజి పోసి, బండలు మోయించి కట్టించారని చెప్పుకునేవారు. దాని కింద నీళ్లు పారిన ఏళ్లకంటే ఇసుక ఎగిరిన ఏళ్లే ఎక్కువ. అయినా ఊళ్లో పెళ్లయిన ప్రతి జంటా దాని మీద నిలబడి ఫొటో దిగాల్సిందే.

ఆ ఫొటోలు తీసి బతికినవాడు ఖాజా పీర్. ఎండిన వంక కనబడకుండా కమాను వరకే వచ్చేటట్టు తీసేవాడు. సెల్‌ఫోన్లు వచ్చి గిరాకీ పోయినా, భార్య అమీర్ బీ పక్షవాతంతో మంచాన పడినా, రోజూ ఒక్కసారైనా వంతెన దగ్గరికి పోయి వచ్చేవాడు.

ఆ ఏడు వేరుశనగంతా ఎండిపోయాక, ఎవరికీ అక్కరకు రాని వాన పట్టుకుంది. తెల్లవారేసరికి వంక వచ్చిందని వీధిలో ఒకటే సందడి.

"చూసొస్తా," అన్నాడు ఖాజా పీర్, కెమెరా అందుకుంటూ.

"పో. ఎన్నాళ్లకో వచ్చిండాది. నాకూ ఒక ఫొటో తీసుకురా," అంది అమీర్ బీ.

కమానుల కింద ఎర్రటి నీళ్లు సుడులు తిరుగుతున్నాయి. బతుకంతా ఎదురుచూసిన ఆ దృశ్యం ముందు అతనికి ఒళ్లు తెలియలేదు. కొట్టుకొచ్చిన కంపచెట్లు కమానులకు అడ్డుపడటం, నీళ్లు వెనక్కి మళ్లి తమ పేట వైపు తిరగడం కూడా ఫొటోలు తీశాడు. అప్పుడు అర్థమై పరుగెత్తాడు. నడుము లోతు నీళ్లలో తలుపు నెట్టి చూస్తే మంచం తేలుతోంది. మంచం మీద అమీర్ బీ లేదు.

తర్వాత వార్డు కౌన్సిలర్ విష్ణువర్ధన్ పేటలో మీటింగు పెట్టాడు. "ఆ వంతెన అడ్డం లేకుంటే నీళ్లు దోవన పోయేవి. నువ్వే చెప్పు ఖాజాన్నా, ఉంచాల్నా, తీసేయాల్నా?"

"పెరికేయండి," అన్నాడు ఖాజా పీర్.

పక్కింటి కుళ్ళాయప్ప అతని భుజం పట్టుకున్నాడు. "వంతెన ఏం చేసిందన్నా? దిగువన వంక పూడ్చి ప్లాట్లు ఏసిండారే, వాళ్లనడుగు."

ఖాజా పీర్ వినిపించుకోలేదు. తప్పు ఆ బండలదే కావాలి. కాకపోతే తనది.

జేసీబీ వచ్చి ఒక్క పూటలో వంతెనను కూల్చేసింది. అతను చివరిదాకా నిలబడి చూశాడు.

మరుసటి ఏడు మళ్లీ వాన. అడ్డం లేని వంక నేరుగా దిగువకు పోయి, ప్లాట్ల ప్రహరీకి కొట్టుకుని, మునుపటిలాగే పేటలోకి తిరిగి వచ్చింది. జనం సామాన్లు మిద్దెలెక్కిస్తుంటే ఖాజా పీర్ మంచం మీద కదలకుండా కూర్చున్నాడు.

"లెయ్యన్నా, నీళ్లు మోకాళ్ల దాకా వచ్చినాయి," అన్నాడు కుళ్ళాయప్ప గుమ్మంలోంచి.

"వంతెన లేదు గదప్పా," అన్నాడు ఖాజా పీర్. "మరి ఈ నీళ్లు యాడ నుంచి వస్తాండాయి?"

కుళ్ళాయప్ప లోపలికి వచ్చాడు. చంకల కింద చేతులేసి, బరువు మూటను లాగినట్టు అతన్ని మిద్దె మీదికి లాక్కుపోయాడు.