కుడిపక్క అంచు

మా అమ్మాయి భార్గవి చదువుతుంటే నేను పల్లికాయలు ఒలుస్తూ విన్నాను. చేతులు ఊరికే ఉంటే నాకు మాట చెవికెక్కదు. ఆ కాగితాలు వనపర్తి నుంచి మహేశ్వర్ సార్ పంపినవి. కాలేజీలో తెలుగు చెప్తాడు. రెండేళ్ల కిందట పోయిన మా ఆయన ధర్మయ్య జీవితం మీద నవల రాశాడు. గద్వాలలో పుట్టి ఢిల్లీ దాకా పేరు మోసిన చిత్రకారుడు కాబట్టి రాయడంలో వింతేమీ లేదు. ఆదివారం వస్తానని, ఇంటివాళ్లకు అభ్యంతరం లేదని ఒక సంతకం పెట్టమని, పెద్ద బొమ్మను పుస్తకం అట్ట మీద వేసుకోనివ్వమని కబురు చేశాడు.

పెద్ద బొమ్మ అంటే వీపు ఇటు తిప్పి కూర్చున్న ఆడమనిషి. ముఖం కనిపించదు. మా ఆయన అలాంటివి నలభై దాకా వేశాడు. ఒకదాంట్లో పొయ్యి ముందు, ఒకదాంట్లో బావి దగ్గర, ఎక్కడున్నా ఆమే. ఆమె ఎవరని అడగనివాళ్లు లేరు. సార్ నవల్లో తేల్చేశాడు. ఆత్మకూరు బడిలో డ్రాయింగు చెప్పే పంతులమ్మట. పేరు మార్చాడు గానీ తక్కినదంతా ఒకప్పుడు మా ఇంటికి వచ్చిపోయిన మాలతే. 'ఒక భుజం కిందికి వాల్చి కూర్చునే ఆ వయ్యారం ఆయన్ని జీవితాంతం వెంటాడింది' అని భార్గవి చదివినప్పుడు నా కడుపు చల్లబడింది. సిగ్గు విడిచి చెప్తున్నాను, సంతోషమే కలిగింది. ముప్పై ఏళ్ల కిందట నేను ఒక్కదాన్నే అన్న మాటను ఇప్పుడు చదువుకున్న మనిషి అచ్చులో పెడుతున్నాడు.

నాకు అనుమానం ఎక్కువని పేరు. ఆ పేరు పెట్టింది మా ఆయనే. ఇంటికి ఎవరొచ్చినా నవ్వుతూ ముందే చెప్పేవాడు, మా శారదకు జర అనుమానం, ఏమనుకోకండి అని. వాళ్లూ నవ్వేవాళ్లు. నేను చాయ్ ఇచ్చి లోపలికి పోయేదాన్ని. మాలతి ఆదివారాలు బస్సెక్కి బొమ్మలు నేర్చుకోవడానికి వచ్చేది. ఇద్దరూ రంగుల గురించి గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు. నేను మగ్గం మీద ఉండేదాన్ని. గద్వాల చీరకు రెండు పక్కలా పట్టు అంచు ఉంటుంది, మా ఇంట్లో దాన్ని ఇద్దరం కూర్చుని నేసేవాళ్లం. అత్త ఎడమపక్క, నేను కుడిపక్క. కుడి అంచుకు పోగు నడిపే నాడె విసరడం నా పని. పుట్టింట్లో కూడా తొమ్మిదో ఏటి నుంచి నాది అదే చోటు. వెనక నుంచి వాళ్ల మాటలు వినిపించేవి, నవ్వులు వినిపించేవి, ఏం చేస్తున్నారో కనిపించేది కాదు. నేను తల తిప్పితే చాలు, అత్త అందుకునేది. "వాడు బొమ్మలేసెటోడు, నలుగురు వస్తరు, పోతరు. నువ్వు నాడె ఆపకు." నిజమే, ఆ రోజుల్లో ఇల్లు గడిచింది ఆ నాడె మీదే.

బొమ్మలో ఉన్నది ఎవరని ఎన్నిసార్లు అడిగానో లెక్క లేదు. మంచిగా అడిగాను, ఏడ్చి అడిగాను, అలిగి అన్నం మానేసి అడిగాను. ప్రతిసారీ నవ్వి, "నీకు తెల్వదులే" అనేవాడు. ఒక ఆదివారం మాలతి వచ్చేసరికి తలుపుకు అడ్డం నిలబడ్డాను. వీధంతా వినేట్టు అనరాని మాట అన్నాను. ఆ పిల్ల మా కోసం సీతాఫలాలు తెచ్చింది. సంచి గడప మీద పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. మా ఆయన లోపలే ఉన్నాడు. బయటికి రాలేదు, కాదనలేదు. తప్పు చేసినవాడు కాబట్టే నోరు మెదపలేదని తీర్మానించుకున్నాను. నా మాట ఆత్మకూరు దాకా పోయి, ఆమెకు కుదిరిన సంబంధం చెడిపోయిందని తర్వాత తెలిసింది. తెలిసీ ఊరుకున్నాను. ఆమె ఒంటరిగానే ఉండిపోయింది. నేను కూడా ఆ తర్వాత బొమ్మ సంగతి ఎవరినీ అడగలేదు, లోపలే దాచుకుని కాలిపోయాను.

పుస్తకం సభలో స్టేజీ మీద కూర్చోవాలంటే కొత్త జాకెట్టు కావాలని శనివారం భార్గవి నన్ను జోగులమ్మ దగ్గరికి తీసుకుపోయింది. మా వీధి ఆడవాళ్ల జాకెట్లన్నీ ఆమే కుడుతుంది. వెనక నుంచి టేపు పెట్టి, కుడి భుజం ముప్పావు అంగుళం దిగువ అని చెప్పి భార్గవితో రాయించింది. తప్పు కొలిచావన్నాను.

"తప్పు గాదక్కా. నీకు ఇరవై ఏండ్ల సంది గట్లనే కుడుతున్న. రెండు దిక్కులు ఒక్కతీరు కుడితే నీకు జారుతది. మగ్గం మీద కుడిపక్క కూసున్నోళ్లందరికి గిట్లనే ఉంటది."

ఇంటికొచ్చి పీట మీద కూర్చుని, వెనక నుంచి ఫోన్లో ఫోటో తీయమన్నాను భార్గవిని. తీసింది. ఫోను పట్టుకుని గోడ మీది పెద్ద బొమ్మ ముందు నిలబడ్డాను. అదే మెడ, అదే వీపు, అదే కుంగిన భుజం. వయసు తప్ప తేడా లేదు. ఫోను బొమ్మ పక్కన పెట్టి, చూడమని భార్గవిని పిలిచాను.

"బొమ్మల ఉన్నది నువ్వే గదమ్మా. నేను చిన్నప్పటి సంది చూస్తున్న వీపే గది. సార్ నవల కోసం కల్పించిండనుకున్న. నీకు తెల్వదా?"

నాకెలా తెలుస్తుంది? నా వీపు నేనెప్పుడు చూసుకున్నాను? ఆ ఇంట్లో ముఖం చూసుకోవడానికే తీరిక ఉండేది కాదు. కానీ ఆయనకు తెలుసు. పొయ్యి దగ్గర, బావి దగ్గర, మగ్గం మీద నన్ను చూసి చూసి వేసినవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? పిచ్చిదానా, నువ్వే అని ఒక్క మాట అంటే నా జన్మ బాగుపడేది. మాలతి బతుకు నిలిచేది. ఎందుకు అనలేదు? ఆ ఆడమనిషి ఎవరో తెలియకపోవడం వల్లే ఆ బొమ్మలకు అంత పేరు వచ్చింది. మగ్గం మీది పెళ్లామని తెలిస్తే ఎవరు అడుగుతారు, ఎవరు రాస్తారు? పైగా పెళ్లాం అనుమానిస్తోందంటే మగవాడికి అదొక గొప్ప కూడా. ఇన్నేళ్లూ నేను అనుమానించవలసిన మనిషి ఇంట్లోనే ఉన్నాడు.

ఆదివారం మహేశ్వర్ సార్ వచ్చాడు. ఫోటో చూపించాను. బొమ్మ వైపు, ఫోటో వైపు మార్చి మార్చి చూశాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎంత ప్రేమమ్మా ఆయనది. జీవితమంతా మిమ్మల్నే గీసిండు. నవల ముగింపు మారుస్త."

మాలతిని తీసేస్తావా అని అడిగాను. కాస్త నసిగాడు. ఆమె ఉంటేనే మీ అనుమానానికి బలం, చివర్లో అది తప్పని తేలితేనే కథ నిలబడుతుంది అన్నాడు. అంటే పుస్తకంలో మూడొంతులు ఆమె అలాగే ఉంటుంది. చివరి దాకా చదవనివాళ్ల సంగతి ఆయనకు పట్టలేదు. తర్వాత ఆయనే అడిగాడు, అంత ప్రేమ ఉన్నవాడు ముఖం ఒక్కసారి కూడా ఎందుకు గీయలేదమ్మా అని.

"పిలిస్తే తిరుగుదును సార్. పిల్వలే."

చాలా మంచి మాట అని నోటుబుక్కులో రాసుకున్నాడు. రాసుకుని సంతకం కాగితం నా ముందు పెట్టాడు. నేను దాన్ని మడిచి ఆయన చేతికే ఇచ్చాను. మాలతి ఉన్న పుస్తకానికి ఒప్పుకోవలసింది మాలతి గానీ నేను కాదన్నాను. బొమ్మ కూడా ఇవ్వనన్నాను.

మరునాడు పొద్దున్నే జూరాల మీదుగా పోయే ఆత్మకూరు బస్సెక్కాను. భార్గవి తోడు వస్తానంటే వద్దన్నాను. మాలతి తలుపు తీయకపోవచ్చు. తీయకపోతే వాకిట్లోనే నిలబడి, బొమ్మలో ఉన్నది నేనేనని, తప్పు నాదని చెప్తాను. అప్పుడు నేనన్న మాట వీధంతా విన్నది, ఇదీ వీధంతా వినాలి.