గీత దాటని ఉప్పు

ఆ మధ్యాహ్నం అర్షియాకు కాలు ఒకచోట నిలవలేదు. గోడకు అంటించిన చార్టు దగ్గరికి పోవడం, వెనక్కి రావడం, మళ్లీ పోవడం. సిద్దిపేట శివారులో ఓఆర్‌ఎస్ పొట్లాలు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ అది. వాంతులు, విరేచనాలు పట్టుకున్న పిల్లలకు నీళ్లలో కలిపి తాగించే మందు. స్టాటిస్టిక్స్‌లో డిగ్రీ చేసిన అర్షియా అక్కడ నాణ్యత చూసే పనిలో ఉంది.

బయట తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు, బడులు లేవు. బొగ్గు గనుల్లో పని ఆగిపోయి కరెంటు కోతలు రోజురోజుకూ పెరుగుతున్నాయి. ఫ్యాక్టరీ ఎక్కువసేపు జనరేటర్ మీదే నడుస్తోంది. తెల్లవారితే రాస్తారోకో. సాయంత్రంలోపు పొట్లాల లారీ ఊళ్ల ఆసుపత్రులకు బయలుదేరాలని సూపర్‌వైజర్ శైలేందర్ తొందరపడుతున్నాడు.

గంటగంటకూ కొన్ని పొట్లాల్లో పడే ఉప్పును తూచి, సగటును చార్టు మీద చుక్కగా పెడతారు. పైన ఒక ఎర్రగీత, కింద ఒక ఎర్రగీత. చుక్క వాటి మధ్య ఉంటే పని సరిగా సాగుతున్నట్టు. చుక్కలన్నీ మధ్యే ఉన్నాయి. కానీ ఈమధ్య చాలా చుక్కలు నడిమి గీతకు పైనే పడుతున్నాయి. ఆ చార్టు ఏ చుక్కకు ఆ చుక్కనే చూస్తుంది, వెనకటి వాటిని పట్టించుకోదు. అందుకే అర్షియా పక్కన ఇంకో చార్టు వేసింది. ప్రతి సగటు ఉండాల్సిన దానికంటే ఎంత ఎక్కువో చూసి, ఆ ఎక్కువలను ఒకదానికొకటి కలుపుతూ పోయే చార్టు. సగటు కదలకపోతే ఆ గీత అడుగునే పాకుతుంది. ఇప్పుడది పైపైకి ఎక్కి, ఆమె దానికి పెట్టిన హద్దు దాటింది.

శైలేందర్ రెండింటినీ తీరిగ్గానే చూశాడు.

"పోయిన వారం గూడ నీ చార్టు గిట్లనే మొత్తుకున్నది. మిషన్ అంత ఇప్పితిమి, ఏం దొరకలే. గాడ పిల్లలు మందు కోసం ఎదురుచూస్తున్నరు, అర్షియా."

అదీ నిజమే. కొత్త చార్టు చిన్న కదలికను తొందరగా పసిగడుతుంది, కానీ హద్దు మరీ దగ్గరగా పెడితే ఉత్తపుణ్యానికి భయపెడుతుంది. పోయిన వారం ఆమె చేసిన పొరపాటు అదే. తర్వాత హద్దు సవరించింది. అయినా ఈసారీ తప్పయితే? లారీ ఆగిపోయి మందే అందకపోతే? ఆపకుండా పంపితే, పసివాళ్ల ఒంట్లోకి ఉప్పు ఎక్కువ పోతే?

"జర ఆగుండ్రి సార్. భిక్షపతి కాకను తోల్కొస్త. ఆయన సూసినంక గూడ ఏం లేదంటే లారీ పంపనీకి నేనే సంతకం పెడ్త."

భిక్షపతి మిషన్లు బాగుచేసే మనిషి. సమ్మెకు మద్దతుగా పని మానుకుని ధర్నా టెంటులో కూర్చున్నాడు. అర్షియా టెంటుకు వెళ్లి సంగతి చెప్పింది. సమ్మెలో ఉండి మిషన్ ముట్టుకుంటే పక్కవాళ్లు ఏమనుకుంటారోనని అతను వెనుకాడాడు. చివరికి విషయం వాళ్లకే చెప్పి, జెండా ఒకరి చేతికిచ్చి లేచాడు.

కోతలు పెరిగినప్పటి నుంచే గీత ఎక్కుతోందని అర్షియా దారిలో చెప్పింది. దాంతో అతను నేరుగా జనరేటర్ దగ్గరికే పోయాడు. అది ఉండాల్సిన దానికంటే కొంచెం వేగంగా తిరుగుతోంది. దాంతో పాటే ఉప్పు వేసే మోటారూ. అందుకే పొట్లంలో ఉప్పు కొంచెం ఎక్కువ పడుతోంది. అతను వేగం తగ్గించాడు. అర్షియా వరసగా తూచింది. ఉప్పు ఉండాల్సిన చోటికి దిగింది.

గీత ఎక్కడ పైకి తిరిగిందో చార్టులో తెలుస్తూనే ఉంది. అంతకుముందు నింపిన పెట్టెలు పంపవచ్చు. శైలేందర్ ఏమీ వాదించకుండా వాటిని ఏరి లారీ ఎక్కించాడు. లారీ వెళ్లిపోయాక అర్షియాకు గుర్తొచ్చింది, గీత పైకి తిరిగాక నింపిన పెట్టె ఒకటి బెజ్జంకి ఆసుపత్రికి ముందే చేరిందని. ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు.

శైలేందర్ బండి తీశాడు. ఆమె మంచి పొట్లాలు కొన్ని తీసుకుని వెనక కూర్చుంది.

బెజ్జంకిలో నర్సు రోజారాణి పెట్టె తెచ్చి ముందు పెట్టింది. అప్పటికే విప్పి ఉంది. పొద్దున ఒక బాబుకు ఇచ్చానని చెప్పింది. ఎక్కువైన ఉప్పు హాని చేసేంత లేదని అర్షియాకు లెక్కలో తెలుసు. అయినా మనసు ఒప్పక, ఆ ఇల్లెక్కడో అడిగి వెళ్లింది. బాబు అరుగు మీద కూర్చుని గంజి తాగుతున్నాడు. అతని తల్లి బాలలక్ష్మి వీళ్లను చూసి గాబరాపడింది.

"పిలగాడు మంచిగనే ఉన్నడు. మీకేమైంది?"

అర్షియా జరిగింది దాచకుండా చెప్పింది. మిగిలిన పొట్లాలు తీసుకుని, తాను తెచ్చినవి ఇచ్చింది. బాలలక్ష్మి కొత్త పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గిదైతే సరిగ్గనే ఉంటదా?" అని అడిగింది. ఉంటుందని అర్షియా చెప్పింది. కానీ ఆ ప్రశ్న దారంతా ఆమెను వదల్లేదు.

తిరిగి వస్తుంటే రోడ్డు మీద అప్పుడే రాళ్లు పేరుస్తున్నారు. శైలేందర్ పొలాల మధ్య బాటలోకి బండి తిప్పుతూ, రేపటి నుంచి రెండు చార్టులూ చూద్దామని, ఏది హద్దు దాటినా మిషన్ ఆపుదామని అన్నాడు. ఇంటి దగ్గర దించమంటావా అని అడిగాడు.

"వద్దు సార్, ఫ్యాక్టరీ కాడ దించుండ్రి. ఇంకొన్ని తూస్త," అంది అర్షియా.