గోటి తలంబ్రాలు, కరెంటు కారు

ఎర్ర లైటు మూడోసారి వెలిగింది.

నారాయణగూడ చౌరస్తా దగ్గర ఒక షాపింగ్ కాంప్లెక్సు కింద, కార్లు నిలిపే చోట ఉంది ఆ ఛార్జింగ్ మెషిన్. నిలువెత్తు బీరువాలా ఉండి, రెండు పక్కలా చేతి మందం కేబుళ్లు వేలాడుతున్నాయి. కేబుల్ చివర పిడి ఉన్నదాన్ని గన్ అంటారట. కుమారస్వామి ఒక పక్క గన్ పెట్టి చూశాడు, తీసి రెండో పక్కది పెట్టి చూశాడు. పెట్టినప్పుడల్లా టక్కుమని పడుతుంది, తెర మీద ఏవో అక్షరాలు తిరుగుతాయి, తర్వాత ఎర్రలైటు.

"ఏమంటుందిరా?" వెనక సీట్లోంచి అడిగింది యశోదమ్మ.

"కారుతోని మాట కలుస్తలేదంట అమ్మా. మెషిన్ ఖరాబున్నట్టుంది."

"మెషిన్‌కు మాటలు గూడ వస్తయా?"

కుమారస్వామి ఫోను చెవికి ఆనించుకున్నాడు. కస్టమర్ కేర్ వాళ్లు ఫోన్లో పాట వినిపిస్తున్నారు.

యశోదమ్మ ఒళ్లోని మూటను రెండు చేతులతో పొదివి పట్టుకుంది. అందులో మూడు కిలోల గోటి తలంబ్రాలు ఉన్నాయి. వనపర్తిలో వాళ్ల వీధి ఆడవాళ్లు పదకొండుమంది నాలుగు నెలలు కూర్చుని, రోకలి ముట్టకుండా, మిల్లుకు వేయకుండా, ఒక్కో వడ్లగింజను గోటితో ఒలిచి తీసిన బియ్యం అది. ముక్క విరిగిన గింజ పనికిరాదు. భద్రాద్రి రాములవారి కల్యాణానికని ఒలిచిన ఈ బియ్యాన్ని ఇవాళ దీపాలు పెట్టే వేళకు అక్కడి సత్రంలో వాళ్ల బృందం పెద్ద కృష్ణయ్యకు అప్పగించాలి. చీకటి పడ్డాక వచ్చిన మూటను ఆ బృందంవాళ్లు కలుపుకోరు, ఇక వచ్చే ఏడే. గడప దాటిన మూట నేలను తాకకూడదన్నది ఇంకో నియమం. ఒక ఒళ్లోంచి ఇంకో ఒళ్లోకి మారవచ్చు, అంతే.

బస్సులో పంపుదామని అందరూ అంటే, "నా కొడుకు కొత్త కారు కొన్నడు, నేనే తీస్కపోత" అని ముందుకు వచ్చింది యశోదమ్మే. కరెంటు కారు. ఐదు వారాల కింద కొని వనపర్తిలో కిరాయికి తిప్పుతున్నాడు కుమారస్వామి. దానికి ఇదే మొదటి దూరప్రయాణం.

పక్కన కూర్చున్న వేదవతి ఒళ్లోనూ అలాంటి మూటే ఒకటి ఉంది. ఆవిడది చిక్కడపల్లి. అత్తవారు ఎప్పుడో గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. నిరుడు భద్రాచలంలో ఒకే వరుసలో నిలబడి పరిచయమయ్యారు ఇద్దరూ. పొద్దున్న తొమ్మిదింటికి వనపర్తి కారు చిక్కడపల్లి చేరేసరికి వేదవతి మడిచీరతో గేటు దగ్గర సిద్ధంగా ఉంది. నారాయణగూడలో గంట ఛార్జింగు, మళ్లీ సూర్యాపేటలో కాసేపు, అక్కడినుంచి నేరుగా భద్రాచలం అని కుమారస్వామి లెక్క వేసుకున్నాడు. ఇప్పుడు బ్యాటరీలో మూడోవంతు మాత్రమే మిగిలింది. దానితో సూర్యాపేట కూడా రాదు.

వేదవతి ఫోన్ మోగింది. భర్త రామచంద్రరావు. స్పీకరులో పెట్టకపోయినా కారంతా వినబడే గొంతు ఆయనది.

"బయల్దేరారా?"

"లేదండీ. ఇక్కడ మెషిన్ పనిచెయ్యట్లేదు."

"పెట్రోలు బండయితే ఈపాటికి చౌటుప్పల్ దాటి టిఫిన్ చేసేవారు. నేను చెప్పానా లేదా?"

"చెప్పారు లెండి. మీరు చెప్పనిది ఎప్పుడని?"

"పదకొండింటికి ఎంజీబీఎస్‌లో భద్రాచలం బస్సుంది. ఆ మూటలు పట్టుకుని అది ఎక్కండి. కరెంటును నమ్ముకుని కల్యాణానికి వెళ్తారా ఎవరైనా?"

కుమారస్వామి గన్ తీసి స్టాండుకు తగిలించాడు. "అశోక్‌నగర్ల ఇంకోటున్నది అమ్మా. అది మంచిగనే నడుస్తున్నదంట."

అశోక్‌నగర్‌లో సందుసందుకీ హాస్టళ్లే. గోడలనిండా కోచింగు పోస్టర్లు, జిరాక్సు షాపుల ముందు వరుసలు, బండిమీది ఇడ్లీ తింటూ కూడా పుస్తకం మడిచి పట్టుకున్న పిల్లలు. ఉద్యోగ పరీక్షలకని జిల్లాల నుంచి వచ్చి ఏళ్లకేళ్లు ఉండిపోయినవాళ్లు. ఒక టీ కొట్టు పక్కన ఖాళీ జాగాలో ఉంది మెషిన్. వీళ్లు వెళ్లేసరికి ఒక తెల్లకారు ఛార్జింగు ముగించుకుని, ఆకుపచ్చ లైటుతో, హాయిగా బయటికి వస్తోంది.

"సూసినవా, ఇది నడుస్తున్నది!" అని కుమారస్వామి ఉత్సాహంగా గన్ పెట్టాడు.

టక్కుమంది. అక్షరాలు తిరిగాయి. ఎర్రలైటు.

అతను వెళ్లిపోతున్న తెల్లకారు వైపు తల తిప్పడం యశోదమ్మ చూసింది. ఇందాకటిదాకా తప్పు మెషిన్‌ది. తెల్లకారుకు ఎక్కిన కరెంటు తమ కారుకు ఎక్కకపోతే తప్పు ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు. కొని ఐదు వారాలు. పొలం అమ్మి బండి కొంటావా అని అన్నవాళ్లందరూ ఒక్కసారి ఎదురుగా వచ్చి నిలబడినట్టు చూస్తున్నాడు వాడు.

"అన్నా, ఒక్కసారి తీసి మల్ల పెట్టు," అంది టీ కొట్టు దగ్గరి బెంచీ మీద నుంచి ఒక అమ్మాయి. చేతిలో టీ గ్లాసు, ఒళ్లో లావాటి పుస్తకం.

"నాలుగుసార్లు పెట్టిన చెల్లె."

"ఇక్కడనేనా?"

"నారాయణగూడల గూడ గిట్లనే."

అమ్మాయి గ్లాసు పక్కన పెట్టి లేచింది. పేరు భాగ్యశ్రీ, ఊరు జనగామ. ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివి, విద్యుత్ శాఖ పరీక్షకు మూడేళ్లుగా తయారవుతోందట. "రెండు జాగలల్ల ఒకటే తప్పు వస్తున్నదంటే బండిల చూడాలె" అంటూ కారు పక్కకు వచ్చి, ఛార్జింగు పెట్టే మూత తెరిచి, ఫోను లైటు వేసి లోపలికి వంగింది.

కాసేపు అలాగే ఉండి, "అన్నా... ఇందుల పసుపు ఉన్నదేంది?" అంది.

కుమారస్వామి కారు వైపు కాదు, తల్లి వైపు చూశాడు.

"పొద్దున బయలెల్లేటప్పుడు పూజ చేసిన గద బిడ్డా," అంది యశోదమ్మ నెమ్మదిగా. "పసుపు తడిపి, కుంకుమ కలిపి బొట్లు పెట్టిన."

"అమ్మా! అండ్ల పెట్టినవా?"

"అది నోరు గదరా. అది తినేది అండ్లకెళ్లే అంటివి. టైర్లకు పెట్టి, స్టీరింగుకు పెట్టి, నోటికి పెట్టకుంటెట్ల?"

భాగ్యశ్రీ నవ్వు ఆపుకోలేక కొంగులాగ చున్నీ అడ్డం పెట్టుకుంది. వేదవతి కూడా నవ్వేసింది. "మా ఇంట్లోనూ ఫ్రిజ్జుకు బొట్టు పెడతామండీ, తలుపు మీద. ప్లగ్గులో పెట్టం!"

యశోదమ్మకు నవ్వు రాలేదు. "అయితే నా బొట్టే అడ్డమొచ్చిందా?"

అప్పుడు భాగ్యశ్రీ ఫోనులో ఫోటో తీసి కారు లోపలికి చూపించింది. కింద రెండు పెద్ద గుంటలు. కరెంటంతా వాటిలోంచే. పైన గుండ్రంగా చిన్న గుంటలు, ఒక్కోదాని నడుమ సన్నని పిన్ను. వాటిలో ఒకదాన్ని పసుపు ముద్ద ఎండి కప్పేసింది. పెద్ద గుంటలు శుభ్రంగానే ఉన్నాయి.

"గీ సన్నది కరెంటు కోసం గాదమ్మా, మాటల కోసం. గన్ పెట్టంగనే మెషిన్ ముందు దీంట్లకెళ్లి కారును అడుగుతది, తయారున్నవా, ఎంత తీసుకుంటవ్, పానం మంచిగున్నదా అని. కారు జవాబు చెప్పాలె. చెప్పేదాంక ఆ పెద్దదాంట్ల కరెంటు రాదు."

"జర్రంత గూడ రాదా?"

"జర్రంత గూడ రాదు. ఆ మెషిన్ల ఉన్న కరెంటుతోని ఈ గల్లీ అంత ఏసీలు నడవొచ్చు. అయినా ఆగుతది."

యశోదమ్మ ఆ బీరువాలాంటి మెషిన్ వైపు చూసింది. మెరుపుకు తోబుట్టువు కరెంటు. వాళ్ల ఊళ్లో తెగిపడ్డ తీగకు ఎద్దు పోయింది, మనిషీ పోయాడు. అడిగి ముట్టుకునే జాతి కాదది. అలాంటిది, ఇక్కడ వడ్లగింజంత పిన్ను దగ్గర, అవతలివాడు సరే అనే దాకా చేతులు కట్టుకుని నిలబడుతుందా? ఆమె చూసిన బలవంతులెవరూ అలా నిలబడలేదు.

"ఎవరు నేర్పిండ్రు బిడ్డా దానికి?" అంది.

"మనుషులే అమ్మా."

"మనుషులకెవరు నేర్పిండ్రో మరి," అనుకుంది పైకే.

వేదవతి గడియారం చూసింది. పదిన్నర దాటింది. "యశోదమ్మగారూ, బస్సుకు వెళ్లాలంటే ఇప్పుడే ఆటో ఎక్కాలి. ఆలస్యమైతే అదీ పోతుంది, ఇదీ పోతుంది."

"పో అమ్మా," అన్నాడు కుమారస్వామి నేలవైపు చూస్తూ. "పదకొండు ఇండ్లోళ్ల బియ్యం. నా బండి కోసం ఆగకు. నేను సూసుకుంట."

"తుడిస్తే ఎక్కుతదా బిడ్డా?" భాగ్యశ్రీని అడిగింది యశోదమ్మ.

"ఎక్కాలె. గ్యారంటీ మాత్రం చెప్పలేను. లోపల ఇంకేమన్న కరాబైతే సర్వీసు సెంటరోళ్లే చూడాలె."

మూట ఒళ్లో బరువుగా తోచింది యశోదమ్మకు. నాలుగు నెలలు. వాళ్ల వీధి దుర్గమ్మకు చూపు సరిగా ఆనదు, అయినా గింజను పెదవులకు ఆనించి పొట్టు ఉందో పోయిందో తెలుసుకుంటూ ఒలిచింది. ఈ మూట అందకపోతే ఆమెకు ఏం చెప్పాలి? బస్సెక్కితే అందుతుంది. కానీ తన చేతితో పెట్టిన అడ్డాన్ని కొడుకు నెత్తిన వదిలేసి వెళ్లి, దేవుడి ముందు దోసిలి ఎలా పట్టడం? తప్పు చేసిన చేయి దాన్ని దిద్దకుండా తలంబ్రాలు ఇస్తే చెల్లుతాయా? ఆమెకు తెలియలేదు. అడిగేందుకు అక్కడ పంతులూ లేడు.

"నీళ్లు పోసుకున్నవా బిడ్డా పొద్దున?" అని అడిగింది భాగ్యశ్రీని.

"ఆఁ?"

"తానం చేసినవా అని."

"చేసిన. మా హాస్టల్ల నీళ్లు ఐదింటికే వస్తయి, తర్వాత లేస్తే ఏడుపే."

"అయితే ఈ మూట పట్టుకొని కూసో. కింద పెట్టకు." బియ్యాన్ని ఆ పిల్ల చేతులకు అందించి, బెంచీ చూపించి యశోదమ్మ కారు దిగింది. "వేదవతమ్మా, నువ్వు బస్సుకు పో. నీ బియ్యమన్న అందుతయి. నేనిక్కడ్నే ఉంట."

వేదవతి ఒక్క క్షణం వీధి వైపు చూసి, మళ్లీ సీట్లో సర్దుకుని కూర్చుంది. "మా ఆయన మాట నెగ్గించడానికి నేనెందుకండీ బస్సెక్కడం? తుడవండి."

కుమారస్వామి కారు బంద్ చేసి, భాగ్యశ్రీ చెప్పినట్టు సెల్‌ఫోన్ రిపేరు షాపుకు పరుగెత్తి, సీసా అడుగున కాస్త స్పిరిటు, మెత్తటి బ్రష్షు పట్టుకొచ్చాడు. టీ కొట్టతను పళ్లల్లో గుచ్చుకునే సన్న పుల్లలు ఇచ్చాడు. కుమారస్వామి పుల్లను గుంట దాకా తెచ్చి మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. పిన్ను వంగితే ఇక అంతే.

"నాకియ్యి," అంది యశోదమ్మ.

"వేలు పెట్టొద్దమ్మా, పుల్లనే," అని హెచ్చరించింది భాగ్యశ్రీ బెంచీ మీద నుంచి.

పుల్ల కొసకు పలచని గుడ్డ చుట్టి, స్పిరిటులో ముంచి, గుంట అంచు వెంట మెల్లగా తిప్పింది. గింజ విరగకుండా పొట్టు ఒక్కటే వచ్చేలా ఒలవడానికి ఎంత ఒత్తిడి కావాలో నాలుగు నెలలుగా ఆమె వేళ్లకు తెలుసు. ఎక్కువైతే ముక్క, తక్కువైతే పొట్టు రాదు. పసుపు కొంచెం కొంచెంగా రాలింది. బ్రష్షుతో ఊడ్చింది. మళ్లీ గుడ్డ మార్చింది. పరీక్షల పిల్లలు నలుగురైదుగురు చుట్టూ చేరారు. "క్వశ్చన్ పేపర్ల వస్తదేమో చూడు" అని ఒకడు అంటే ఇంకొకడు వాడి నెత్తిన మొట్టాడు. ఎక్కడో పదకొండింటి బస్సు వెళ్లిపోయి ఉంటుంది.

స్పిరిటు పూర్తిగా ఆరేదాకా ఆగమంది భాగ్యశ్రీ. ఆగారు. తర్వాత కుమారస్వామి గన్ పెట్టాడు.

టక్కుమంది. అక్షరాలు తిరగసాగాయి. ఈ కాసేపట్లోనే అవి రెండూ మాట్లాడుకుంటున్నాయని యశోదమ్మకు ఇప్పుడు తెలుసు. పెళ్లిపీటల మీద అడ్డతెరకు అటూ ఇటూ ఇద్దరు కూర్చుని ఉంటే, ముహూర్తం కోసం ఊరంతా ఊపిరి బిగబట్టినట్టుగా ఉంది ఆమెకు. అడుగుతున్నావా తల్లీ? చెప్పావా నాయనా?

కారు లోపల మరోసారి ఏదో కొట్టుకున్న చప్పుడైంది. మెషిన్ గుండెలోంచి సన్నని రొద మొదలైంది. లైటు ఆకుపచ్చగా మారింది. తెర మీద ముప్పైనాలుగు అన్న అంకె కాసేపటికి ముప్పైఐదు అయింది.

పిల్లలు ఈలలు వేశారు. కుమారస్వామి కారు డిక్కీకి ఆనుకుని ముఖం తుడుచుకున్నాడు. యశోదమ్మ చేతులు వాటంతటవే జోడయ్యాయి. ఎవరికి దండం పెడుతోందో ఆమెకే స్పష్టంగా తెలియదు. రామయ్యకా, కరెంటుకా, ఆగడం నేర్చిన ఆ బలానికా? మనిషి మూలిగితే చాలు వినే దేవుడు కూడా, మనం ఒక మాట అనేదాకా ఇలాగే గడప అవతల ఆగి ఉంటాడా? ఆ మాట నోట రాకుండా మనమే పసుపూ కుంకుమా మెత్తేస్తుంటామా? ఆ ఆలోచనను ఇంకా ముందుకు తీసుకుపోవడానికి ధైర్యం చాలక ఆపేసింది.

"ఇగో అమ్మా, నీ మూట," అంది భాగ్యశ్రీ. "కాళ్లు తిమ్మిరెక్కినయి గని కింద పెట్టలే."

"నీ నౌకరి కోసం రామయ్యకు మొక్కుత బిడ్డా."

"ముందుగాల నోటిఫికేషన్ కోసం మొక్కు. అది వస్తే తతిమాది నేను చూసుకుంట."

గంటకు పైగా పట్టింది. పన్నెండు దాటి పది నిమిషాలకు బయల్దేరారు. సూర్యాపేటలో గన్ పెట్టినప్పుడు యశోదమ్మ కారు దిగి, మూట భుజాన వేసుకుని, ఆకుపచ్చ లైటు వచ్చేదాకా కన్ను ఆర్పకుండా చూసింది. మొదటిసారే వచ్చింది. అయినా అక్కడ అరగంట కంటే ఎక్కువ ఆగడానికి వీలు కాలేదు. చివరి ముప్పై కిలోమీటర్లు కుమారస్వామి ఏసీ ఆపేసి, అద్దాలు దించి, బ్యాటరీ అంకెను చూస్తూ నడిపాడు. గోదావరి వంతెన ఎక్కేసరికి నీళ్ల మీద ఎరుపు ఇంకా ఉంది.

సత్రం వసారాలో కృష్ణయ్య తెల్లటి గుడ్డ మీద బియ్యం రాశి పోయిస్తున్నాడు. దీపం ఒత్తి సిద్ధంగా ఉంది, ఇంకా వెలిగించలేదు. వేదవతి మూట విప్పి పోసింది. యశోదమ్మ మూట విప్పి పోసింది. వనపర్తి గింజలు జారి, ఎక్కడెక్కడి ఊళ్ల గింజలతోనో కలిసిపోయాయి. చూస్తుండగానే ఏది ఎవరిదో ఆనవాలు లేకుండా పోయింది.

"అన్నా," అంది యశోదమ్మ, రాశి మీంచి చూపు తిప్పుకోలేక. "ఇండ్ల మా దుర్గమ్మ ఒలిచినయి ఏవో దేవునికి తెలుస్తదా?"

"తెలవకపోతే దేవుడెట్లయితడమ్మా?" అన్నాడు కృష్ణయ్య అగ్గిపుల్ల గీస్తూ. "జర పక్కకు జరుగు, ఎనక ఖమ్మమోళ్లు నిలబడ్డరు."