ముప్పై మూడు, నలభై ఐదు

ఇంట్లో ఆ పొద్దున బాబాయి, పిన్ని, పిన్ని వాళ్ళమ్మ, నేను, అంతే నలుగురం, బాబాయి స్నానాల గదిలో, పిన్ని డాబా మీద బట్టలారేస్తూ, పెద్దావిడ ముందుగదిలో కుర్చీలోనే కునుకుతూ, నేను మాత్రం బాబాయి అడుగు పెట్టొద్దన్న గదిలో, రికార్డు అంచులు రెండు అరచేతుల మధ్య పట్టుకుని, వేలు తగిలితే మచ్చ పడుతుందట, నా వేళ్ళకేమో చెమట, నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది కదా, వినిపిస్తున్నంతసేపూ ఫరవాలేదు, ఈ గదిలో గోడ నిండా ఇవే, హార్డ్‌కోర్ పంక్ అంటాడు బాబాయి, ఒక్కో రికార్డులో ఇరవై ముప్పై బృందాలు తలా ఒక పాట, పాటంటే నిమిషం కూడా ఉండని కేక, కుక్కలు కొట్టుకుంటున్నాయేమో చూడవే అంటుంది పెద్దావిడ, చెవుడున్నా సరే, ఇది మాత్రం వేరు, చచ్చిపోయిన ఒక గాయకుడి పాటలన్నీ పదహారు బృందాలు ఆయన జ్ఞాపకంగా పాడినది, అచ్చేసినవే మూడొందలట, ఎనిమిదేళ్ళు వెతికితే పోయిన వారం పోస్టులో వచ్చింది, పెళ్ళినాడు నా చెయ్యి కూడా ఇంత జాగ్రత్తగా పట్టుకోలేదే మీ బాబాయి అని పిన్ని నవ్వింది, నేనూ నవ్వాను, నా నవ్వుకెప్పుడూ చప్పుడుండదు, చివరి పాట ఒక్కటీ ఆయన సొంత గొంతట, పాత క్యాసెట్టులోంచి తీసి వేశారట, అంతమంది తలుచుకునే మనిషి ఎలా అరిచేవాడో అదొక్కటి వినేసి పెట్టేస్తానని, రికార్డును పాటల యంత్రానికెక్కించి ముల్లు దించాను.

అమ్మో, ఇదేంటి, కేక కాదు, నూతిలోంచి మూలుగు, సాగిపోయి, కుంగిపోయి, మాటలు అర్థం కావు కానీ ఎవరో నన్ను వదిలెయ్యండి అని ఏడుస్తున్నట్టు, పాడుచేశాను, ఎనిమిదేళ్ళు వెతికినదాన్ని ఒక్క నిమిషంలో పాడుచేశాను, బాబాయి అరవడు, నా భయమంతా అదే, ఒక్క మాటా అనకుండా మా నాన్నకు ఫోన్ చేసి పిల్లను తీసుకెళ్ళు అన్నయ్యా అంటాడు, మా పల్లెలో పదో తరగతి దాటితే బడి లేదు, కాలేజీ పుస్తకాలు, సగం రాసిన డైరీ, అన్నీ మళ్ళీ సంచిలోకి, ముల్లు ఎత్తాలి, చెయ్యి వణికితే గీత పడుతుంది, ఎత్తకపోతే ఆ ఏడుపు ఆగదు, బళ్ళో పద్యం అప్పజెప్పమన్నప్పుడూ ఇలాగే వణికాను, పిల్లల మొహాలు చూడలేక బోర్డు వైపు తిరిగి చెప్పాను, ఏమ్మా, బోర్డుకేనా అప్పజెపుతున్నావు అన్నారు మాస్టారు, ఎంత నవ్వారో అందరూ, నీళ్ళ చప్పుడేది, ఎప్పుడాగింది.

గుమ్మంలో బాబాయి, తల మీంచి నీళ్ళు కారుతూ, పాడుచేశాను బాబాయ్ అనాలి, నోరు తెరిచి, వేలితో రికార్డు చూపించాను, ఆయన చేతులు తువ్వాలుకు తుడుచుకుని వచ్చి, రికార్డుకేసి కాదు, పక్కనున్న చిన్న మీటకేసి చూశాడు, నిమిషానికి ముప్పై మూడు చుట్ల మీద పెట్టావా, ఇది నలభై ఐదులో తిరగాలే పిచ్చిమొహమా, దీనికేం కాలేదు, మొదట్లో నేనూ ఇదే పని చేసి యంత్రం పోయిందని ఏడ్చాను, అంటూ టిక్కున జరిపాడు, ముల్లు మళ్ళీ పాట మొదటికి పెట్టాడు, అప్పుడొచ్చింది కేక, కిటికీ అద్దాలదిరేలా, అదే గొంతు, అదే మాట, ఇందాకటి ఏడుపే పరిగెత్తుకుంటూ వచ్చినట్టు, ఇంతలా అరుస్తాడు గానీ వట్టి పిరికివాడటే, జనం మొహాలు చూడలేక వాళ్ళకు వీపు పెట్టి గోడకేసి పాడేవాడట, అన్నాడు బాబాయి, గోడకేసా, అన్నాను, ఆ మాట నిజంగానే బయటికి వచ్చింది, గోడకేసే, వినాలనుంటే అడగొచ్చుగా, నేనేమన్నా పులినా, ఏమండీ, పక్కింటాయన మళ్ళీ వస్తాడు, తలుపన్నా వెయ్యండి అని డాబా మీంచి పిన్ని, వేస్తున్నానే తల్లీ అని బాబాయి, ముల్లు మళ్ళీ మొదటికి పెట్టి, నువ్వూ అరుచుకో, ఈ గోలలో నీ గొంతేదో ఎవరికి తెలుస్తుంది.

కాళ్ళింకా వణుకుతూనే ఉన్నాయి, గోడ వైపు తిరిగాను, ఆ గాయకుడూ ఇలాగే, కాళ్ళు వణుకుతుండగానే తిరిగి ఉంటాడు, భయం పోయేదాకా ఆగలేదు, భయంతోనే అరిచాడు, నోరు తెరిచాను, వెనక బాబాయి తలుపు మూసేశాడు.